టైటిల్ పేజీ వెనకాల

మా నాయన కంపోజిటర్, అచ్చు కోసం సీసపు అక్షరాలు పేర్చే మనిషి. కడపలో ఏడు రోడ్ల కూడలి నుంచి లోపలికి పోయే ఒక సందులో ఉండేది ఆయన పనిచేసే ప్రెస్సు. బడి లేని రోజుల్లో మధ్యాహ్నం క్యారియర్ తీసుకుపోవడం నా పని. సంగటి, చెనిక్కాయల ఊరిబిండి, ఒక్కోరోజు ఆకుకూర పప్పు. సందు మొదట్లోనే ట్రెడిల్ అచ్చుమిషన్ చప్పుడు వినిపించేది, ఇంకాస్త దగ్గరికి పోతే కిరసనాయిలూ ఇంకూ కలిసిన వాసన. లోపల కిటికీ పక్కన నాయన నిలబడి ఉండేవాడు, ఎడమచేతిలో అక్షరాలు పేర్చుకునే స్టిక్కు, కుడిచెయ్యి కేసు మీద. ఆ చెయ్యి ఏ గడిలోకి పోతుందో ఆయన చూసేవాడే కాదు. కళ్లు రాతప్రతి మీదే ఉండేవి.

ఇప్పటి పిల్లలకి కేసు అంటే సెల్‌ఫోన్ కేసు. అప్పట్లో కేసు అంటే గళ్లు గళ్లుగా ఉండే వెడల్పాటి చెక్క అర. ఒక్కో గడిలో ఒక్కో సీసపు అక్షరం. ఇంగ్లీషుకి చిన్నవీ పెద్దవీ కలిపి నూటయాభై గళ్లుంటే పని జరిగిపోతుంది. తెలుగుకి ఎక్కడ సరిపోతాయి? క వేరు, కా వేరు, కి వేరు, కు వేరు, మళ్లీ ఒత్తులు విడిగా. వందల రకాల అక్షరాలు ఎక్కడున్నాయో చేతికి తెలియాలి. అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి, వాటిని తలకిందులుగా పేర్చుకుంటూ ఎడమ నుంచి కుడికే చదువుకోవాలి. నేను బళ్లో మామూలు అక్షరాలు నేర్చుకుంటూనే ప్రెస్సులో తిరగబడ్డ అక్షరాలు కూడా నేర్చేసుకున్నాను. నాయన కూర్చుని నేర్పిందేం లేదు. ఆయన తింటున్నంత సేపూ ఆ స్టిక్కు చేతిలో పట్టుకుని చూస్తుండేదాన్ని, అంతే.

ప్రెస్సులో టైపు, అంటే ఆ సీసపు అక్షరాలు, ఎప్పుడూ చాలినంత ఉండేది కాదు. పుస్తకం మొత్తం ఒకేసారి కంపోజ్ చేసి పెట్టుకునే భాగ్యం మా ఊరి ప్రెస్సులకి లేదు. ఒక ఫారానికి, అంటే 16 పేజీలకి సరిపడా కూర్చడం, తప్పులు చూసుకోవడానికి ప్రూఫు తీయడం, దిద్దడం, అచ్చువేయడం, ఆ టైపు విప్పి ఏ అక్షరం ఆ గడిలో వేసేయడం, తర్వాతి ఫారం మొదలుపెట్టడం. మధ్యలో సున్నాలు అయిపోయేవి. తెలుగులో సున్నా లేని మాటలెన్ని ఉంటాయి చెప్పండి. అప్పుడు అదే మందం ఉన్న ఇంకో అక్షరాన్ని బోర్లా తిప్పి ఆ ఖాళీలో పెట్టేవాళ్లు, ప్రూఫులో అక్కడ నల్లటి చదరం పడేది. సున్నాలు దొరికాక దాన్ని తీసి సున్నా వేసేవాళ్లు. ఆ నల్లచదరాలున్న ప్రూఫు కాగితాలు ఇంటికొచ్చేవి. సాయంత్రం దీపం కింద నేను రాతప్రతి పైకి చదవాలి, కామా, ఫుల్‌స్టాప్, పేరాతో సహా. నాయన ప్రూఫు మీద దిద్దుకుంటూ పోయేవాడు. "నిదానంగా చదువు పాపా, ఒత్తు మింగేస్తాండావు" అనేవాడు. ఒత్తు మింగడం అనే మాట నా ఉద్యోగమంతా నన్ను వదల్లేదు.

ఇంత పని చేసిన మనిషి పేరు పుస్తకంలో ఎక్కడా ఉండదని నాకు ఎనిమిదో తరగతిలో తెలిసింది. బళ్లో బహుమతిగా ఇచ్చిన పుస్తకం మా ప్రెస్సులో అచ్చయిందే. స్నేహితురాలికి చూపిద్దామని టైటిల్ పేజీ వెనకాల వెతికాను. రచయిత పేరుంది, ప్రచురణకర్త పేరుంది, ప్రెస్సు పేరు, ఊరు ఉన్నాయి, వెల ఉంది. నాయన లేడు. ఇంటికొచ్చి అడిగితే నవ్వేసి, "మన పేరు ఎందుకు మ్మా, మనం కూలికి చేసినాం" అన్నాడు. నాకా జవాబు నచ్చలేదు.

1987లో డిగ్రీ అయ్యాక అదే ప్రెస్సులో ప్రూఫ్ రీడర్‌గా మూడేళ్లు చేశాను. తర్వాత హైదరాబాద్‌లో ఒక ప్రచురణ సంస్థ నుంచి పిలుపు వచ్చింది. అమ్మకి ఇష్టం లేదు, ఆడపిల్ల ఒక్కతే హాస్టల్లో ఉండడమేమిటని. నాయనే వచ్చి రైలెక్కించాడు. రాత్రంతా ప్రయాణం, తెల్లారి కాచిగూడలో దిగితే ఎవరి మాటా మన మాటలా లేదు. సంస్థలో నా మాటకి నవ్వేవాళ్లు, "కడప నుంచా" అని అదోలా చూసేవాళ్లు. రాచమల్లు రామచంద్రారెడ్డి గారు 1968లో సంవేదన పత్రిక నడిపిన ఊరు మాది, పుట్టపర్తి నారాయణాచార్యుల వారు తిరిగిన వీధులు మావి. వాళ్లకవన్నీ చెప్పాలనిపించేది, చెప్పలేదు. నెల తిరిగేసరికి నా ప్రూఫుల్లో తప్పు మిగలడం లేదని వాళ్లే గమనించారు.

అక్కడి నుంచి ప్రొడక్షన్‌లోకి, తర్వాత పబ్లికేషన్స్ మేనేజర్ దాకా. బయటివాళ్లు ఈ ఉద్యోగమంటే రోజంతా నవలలు చదువుకోవడం అనుకుంటారు. నిజానికి సగం రోజు లెక్కలే. డెమ్మీ 1/8, అంటే మామూలు నవల సైజులో 160 పేజీల పుస్తకమంటే పది ఫారాలు. వెయ్యి కాపీలంటే ఫారానికి వెయ్యి చొప్పున పదివేల షీట్లు, అంటే రీముకి ఐదువందల చొప్పున ఇరవై రీములు, పైన తరుగు. కాగితం ధర పెరిగిందంటే ముందు అనుకున్న వెల గంగలో కలిసినట్టే. దుకాణం వాళ్లకి ముప్పై నుంచి నలభై శాతం కమీషన్, రచయితకి రాయల్టీ, పార్సిల్ ఖర్చు, గోడౌన్ అద్దె, ఇవన్నీ పోగా మిగిలేదే సంస్థకి. వెయ్యి కాపీలు రెండేళ్లలో అమ్ముడుపోతే ఆ పుస్తకం బాగా పోయిందని సంతోషించేవాళ్లం. జిల్లా గ్రంథాలయ సంస్థలు కొంటే ఊపిరి పీల్చుకునేవాళ్లం. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయాల సెస్సు అని చాలామందికి తెలియదు. ఆ డబ్బు సరిగ్గా గ్రంథాలయాలకి చేరిన ఏడు తెలుగు పుస్తకం బతికేది, చేరని ఏడు కట్టలు గోడౌన్‌లోనే ఉండేవి.

ప్రతి కొత్త పుస్తకమూ నాలుగు కాపీలు విడిగా తీసిపెట్టడం కూడా నా పనే. 1954 నాటి చట్టం ప్రకారం కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరా లైబ్రరీకి, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకి ఒక్కోటి పంపాలి. చాలామంది పంపరు. నేను మాత్రం ఒక్క పుస్తకానికి కూడా మానలేదు, మా పుస్తకం వందేళ్ల తర్వాత ఎవరికైనా కావాలంటే అక్కడైనా దొరకాలని. ఇవన్నీ రిజిస్టర్డ్ బుక్ పోస్టులోనే పంపేవాళ్లం, మామూలు పార్సిల్ కంటే చాలా చవక. 2024 డిసెంబరులో తపాలా శాఖ దాన్ని తీసేసింది. అప్పటికి నేను రిటైరై ఆర్నెల్లయింది, అయినా ఆ వార్త చదివిన రోజు మనసు బాగాలేదు. ఊళ్లో ఉండి ఒక్క పుస్తకం తెప్పించుకునే మనిషి మీద పడే భారమిది.

కంప్యూటర్ మీద పేజీలు కూర్చే డీటీపీ వచ్చింది. మాకు హైదరాబాద్‌లో తొంభైల మొదట్లోనే వచ్చేసింది, పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేరూ, తెలుగు ఫాంట్లూ, బటర్ పేపర్ మీద ప్రింటవుట్లు. ఇంకో ఐదారేళ్లకి మా కడప ప్రెస్సులో కూడా కేసులన్నీ మూలకి చేరాయి. టైపు కేజీల లెక్కన పాతసామాన్ల వాళ్లకి అమ్మేశారు. నలభై ఏళ్లు చేత్తో ఎత్తి దించిన అక్షరాలని తక్కెట్లో వేసి తూచుతుంటే నాయన చూడలేక బయటికొచ్చి కూర్చున్నాడట. యజమాని మంచాయన, "నీకేం కావాలో తీసుకోప్పా" అంటే నాయన తన స్టిక్కు ఒకటి తెచ్చుకున్నాడు. ఇనపది, మూడువేళ్ల వెడల్పు. అది ఇప్పుడు నా బల్ల మీదుంది. లైను పొడవు కోసం బిగించే అడ్డు ఇంకా 24 ఎమ్‌ల దగ్గరే ఉంది, ఎమ్ అంటే అచ్చుపనిలో పొడవు లెక్క, అది డెమ్మీ పేజీకి పెట్టుకునే కొలత. బొటనవేలు ఆనే చోట ఇనుము నున్నగా అరిగి మెరుస్తుంది.

స్టిక్కు మిగిలింది, పుస్తకాలు మిగల్లేదు. తాను కంపోజ్ చేసిన ప్రతి పుస్తకమూ ఒక కాపీ యజమానిని అడిగి తెచ్చుకుని ట్రంకుపెట్టెలో దాచేవాడు నాయన. 2001లో బుగ్గవంక పొంగి కడపలోకి నీళ్లొచ్చినప్పుడు మా ఇల్లు వంకకి దగ్గరే. రాత్రికి రాత్రి వచ్చిన నీళ్లు. ప్రాణాలతో మిద్దెక్కారు, అదే చాలు. నేను నాలుగో రోజుకి ఊరు చేరేసరికి మిద్దె మీద పుస్తకాలు ఆరబెట్టి ఉన్నాయి. ఆరాయి గానీ ఒక్క పేజీ కూడా విడిరాలేదు, బురద పట్టి ఇటుకల్లా గట్టిపడిపోయాయి. నాయన గోరుతో ఒక పుస్తకం అంచు విడదీయడానికి చూస్తూ ఉన్నాడు, కాగితం పొడిపొడిగా రాలుతోంది. అమ్మ వచ్చి చేతిలోంచి తీసుకుంది.

ఇక నేను చేసిన తప్పు చెప్పాలి. 2012. పాత ఫాంట్లలో ఉన్న పుస్తకాన్ని కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చి రీప్రింట్ వేస్తున్నాం. ఆవిష్కరణ తేదీ ఖాయమైపోయింది, పెద్దలంతా వస్తున్నారు, టెన్షన్ అంతా ఇంతా కాదు. ఆ రోజు సాయంత్రం మా డీటీపీ ఆపరేటరమ్మాయి నా బల్ల దగ్గరికొచ్చి, "మేడం, ఆరో ఫారంలో ఒత్తులు ఎక్కడో తేడాగా ఉన్నాయి, ఒక్కసారి చూస్తారా" అంది. నేను చూడలేదు. "నిన్ననే చూశాను కదమ్మా, పంపించెయ్" అన్నాను. పంపించేసింది. వెయ్యి కాపీలు అచ్చయి, బైండింగ్ అయి వచ్చాక తెరిచి చూస్తే ఆ పదహారు పేజీల్లో కొన్ని ఒత్తులు లేవు. పద్మ పద అయింది, అమ్మ అమ అయింది. అమ్మ అనే మాటలో ఒత్తు మింగేశాను నేను. ఆ ఫారం మళ్లీ అచ్చువేయించి, బైండింగ్ విప్పించి, రెండు రాత్రులు బైండర్ దగ్గరే కూర్చుని మార్పించాం. ఆ రెండు రాత్రులూ ఆ అమ్మాయి కూడా మాతోనే ఉంది. ఇంటికి పొమ్మంటే పోలేదు. తను ముందే చెప్పానన్న మాట ఒక్కసారి కూడా ఎవరితోనూ అనలేదు. యజమాని ముందు ఆ మాట నేనే చెప్పాను.

ఆ తర్వాత రెండు పద్ధతులు పెట్టాను. ఆపరేటర్ సంతకం లేకుండా ఏ ఫైలూ ప్రెస్సుకి పోకూడదు, ఆపరేటర్‌కి అనుమానం వస్తే ఎంత పెద్దవాళ్లయినా పని ఆపి చూడాల్సిందే. రెండోది, టైటిల్ పేజీ వెనకాల కంపోజింగ్ ఎవరు చేశారో, ప్రూఫులు ఎవరు చూశారో పేర్లు వేయాలి. మొదటిదానికి అందరూ ఒప్పుకున్నారు. రెండోదానికి యజమాని, "ఆ పేజీ ఎవరు చదువుతారమ్మా" అన్నారు. 1867 నాటి చట్టం పుస్తకంలో ముద్రాపకుడి పేరూ ప్రచురణకర్త పేరూ వేయమంది, కంపోజిటర్ పేరు వేయొద్దని ఎక్కడా అనలేదు కదండీ అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి సరే అన్నారు. కొన్ని సంస్థల్లో సంస్థ పేరుతో డీటీపీ వివరం వేసేవాళ్లు, మనిషి పేరు వేసేవాళ్లు తక్కువ. తన పేరున్న మొదటి పుస్తకం వచ్చిన రోజు ఆ అమ్మాయి ఐదు కాపీలు డబ్బులిచ్చి కొనుక్కుంది. స్టాఫ్‌కి ఒకటి ఊరికే ఇస్తాం కదా అంటే, "అది ఇచ్చింది, ఇవి నేను కొన్నవి" అంది.

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎంతో పెద్ద రచయితల పుస్తకాలు నా చేతుల మీదుగా వచ్చాయి, అవార్డులొచ్చిన పుస్తకాలూ ఉన్నాయి. నాకు మాత్రం 2015లో వేసిన ఒక చిన్న రీప్రింటే ఎక్కువ. కడప జిల్లాలోనే ఒక పల్లెలో పనిచేసిన అయ్యవారు రాసిన పద్యాల పుస్తకం, మొదటిసారి 1979లో అచ్చయింది. ఆయన మనవడు మళ్లీ వేద్దామని వచ్చాడు గానీ వాళ్లింట్లో ఒక్క కాపీ లేదు. వెతగ్గా వెతగ్గా మా ఊళ్లోనే, యర్రముక్కపల్లి సి.పి. బ్రౌన్ గ్రంథాలయంలో దొరికింది. బ్రౌన్ దొర 1820లో కడపకి వచ్చి, బంగళా కొనుక్కుని, సొంత జీతంతో పండితుల్ని పెట్టి తాళపత్రాలు వెతికించి, నకళ్లు రాయించి, తప్పులు దిద్దించిన చోటది. ఆ బంగళా పాడుబడిపోయిన చోట గ్రంథాలయం లేవడానికి జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఎంత తిరిగారో కడపలో పాతవాళ్లందరికీ తెలుసు. బ్రౌన్ దగ్గర పనిచేసినవాళ్లలో జూలూరి అప్పయ్య పండితుల వంటి కొందరి పేర్లు మనకి మిగిలాయి. బ్రౌనే రాసిపెట్టాడు కాబట్టి మిగిలాయి. నకలు రాసిన చేతులు ఇంకా ఎన్నో ఉండుంటాయి.

ఆ పుస్తకం చూడడానికి నాయనని కూడా తీసుకుపోయాను. అప్పటికి ఆయనకి డెబ్బై ఏడు. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఆటోలో దిగి మెల్లగా లోపలికొచ్చి కూర్చున్నాడు. పుస్తకం ముందు పెడితే అట్ట చూడలేదు, పేరు చూడలేదు. మధ్యలో తెరిచి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, పేజీ మొహానికి దగ్గరగా తెచ్చుకున్నాడు. వేలు ఒక్కో లైను కిందా జరుగుతోంది. ఒకచోట ఆగింది.

"ఇది మా ప్రెస్సుదే మ్మా."

నేనింకా ప్రెస్సు పేరు చెప్పలేదు. ఎట్లా తెలిసింది అన్నాను.

"ఈ ణ చూడు, కొన విరిగింది. ఒకసారి కేసు జారి కిందపడినపుడు విరిగింది ఇది. కొత్తది తెప్పిస్తామన్నారు, తెప్పించలా. కనపడినపుడల్లా పక్కన పెట్టేవాణ్ని, టైపు చాలకపోతే మళ్లీ వాడేవాళ్లం."

వంగి చూశాను. నిజంగానే ణ కొన దగ్గర ఆవగింజంత లోపం. నేనైతే అచ్చు సరిగ్గా పడలేదనుకుని దాటేసేదాన్ని. ఆయన ఇంకో నాలుగు పేజీలు తిప్పి, మళ్లీ అదే ణ ఇంకోచోట చూపించాడు. ఆ తర్వాత ఇంకా చాలా చెప్పాడు. ఈ పుస్తకం ముగ్గురం కలిసి కూర్చినామనీ, ఆ అయ్యవారు ప్రతి ఆదివారం బస్సులో వచ్చి ప్రూఫులు చూసేవాడనీ, వచ్చేటప్పుడు ముగ్గురికీ దోసకాయలు తెచ్చేవాడనీ. ఎక్కడ యతి దగ్గర అక్షరం తప్పు పడితే అయ్యవారికంటే ముందు వీళ్లలో ఒకాయన పట్టేవాడట, ఐదో తరగతే చదివిన మనిషి. మిగతా ఇద్దరి పేర్లు ఏంటి నాయనా అని అడిగి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఆయన పేర్లు చెప్పి ఊరుకోలేదు, నా చేతిలో నోట్‌బుక్ తీసుకుని నేను రాసింది చదివి, ఒకచోట దీర్ఘం దిద్ది ఇచ్చాడు.

రీప్రింట్‌లో టైటిల్ పేజీ వెనకాల ఇప్పటి డీటీపీ, ప్రూఫుల పేర్లకి పైన ఒక లైను వేయించాను. మొదటి ముద్రణ అక్షర కూర్పు అని, ముగ్గురి పేర్లు. మా నాయన పేరు వయసు ప్రకారం మూడోది. కాపీ చేతిలో పెడితే ఆ పేజీ చాలాసేపు చూసి, ఏమీ అనకుండా తలకింద పెట్టుకుని పడుకున్నాడు. నాలుగేళ్లకి పోయాడు. ఆ పుస్తకం ఆఖరి దాకా దిండు పక్కనే ఉంది.

మిగతా ఇద్దరిలో ఒకాయన కుటుంబం బెంగళూరుకి వెళ్లిపోయిందన్నారు, పోస్టులో పంపాం. రెండో ఆయన కొడుకు కడపలోనే కోటిరెడ్డి సర్కిల్ దగ్గర జిరాక్సు కొట్టు నడుపుతున్నాడని తెలిసి నేనే తీసుకుపోయాను. సాయంత్రం, ఆధార్ కాగితాలు పట్టుకుని జనం నిలబడి ఉన్నారు. ఫలానావాళ్ల కూతుర్ని అని చెప్పి పుస్తకం తెరిచి ఆ పేజీ చూపించాను. అతను మిషన్ ఆపి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని పుస్తకం అందుకున్నాడు. ఒక్కో అక్షరం పైకి చదివాడు.

"మా నాయన పేరు రేషన్ కార్డులో తప్పే పడిందక్కా, ఓటరు లిస్టులో కూడా తప్పే. పోయినాక సర్టిఫికెట్‌లో కూడా ఆ తప్పే రాసిచ్చినారు. దీంట్లో సరిగ్గా పడింది. నీకెట్లా తెలిసింది?"

"మా నాయన చెప్పినాడు తమ్ముడూ. దీర్ఘం ఆయనే దిద్దినాడు" అన్నాను.